గీరుకుపోయిన అల్లాయ్ వీల్స్‌ని మళ్ళీ అద్దంలా మెరిపించడం: ఇంట్లో చేసుకునే పద్ధతి మొత్తం

మన కార్లలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి ఎడమవైపు చక్రం ఎక్కడుందో డ్రైవర్‌కి చాలాసార్లు చప్పుడు విన్నాకే తెలుస్తుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే ర్యాంపు పక్కన పసుపు, నలుపు రంగులేసిన సిమెంటు దిమ్మ ఒకటుంది. దాని మీద సరిగ్గా చక్రం ఎత్తులో వెండి చారలు బోలెడు. వాటిలో రెండు మావే. ఒకటి నాది, ఇంకొకటి ఎవరిదో ఇంట్లో ఇంకా తేలలేదు.

మా నాలుగు వీల్స్‌నీ ఇంట్లోనే చేసుకున్నాను, ఆదివారానికి ఒకటి చొప్పున. మొదటిది చెడగొట్టి మళ్ళీ చేశాను కాబట్టి లెక్కకి ఐదు. ఆ ఐదింటితో తెలిసొచ్చింది ఒక్కటే: మెరుపు పాలిష్ డబ్బాలోంచి రాదు, దానికి ముందు వాడే ఎమరీ పేపర్‌లోంచి వస్తుంది. డబ్బా పని ఆఖరి పావుగంట. అందుకే కింద ఎమరీ గురించే ఎక్కువ రాశాను, మిగతావి అవసరమైనంత వరకే.

ముందు మీ వీల్ మీద ఏముందో చూడండి

ఇత్తడి బిందె నల్లబడితే చింతపండుతో తోముతాం, తళతళలాడుతుంది. అక్కడ పోవాల్సింది పైన పట్టిన చిలుము. పులుపుకి అది కరిగిపోతుంది. గీత అలా కరిగేది కాదు. గీత అంటే లోహంలో పడ్డ చిన్న లోయ. అది పోవాలంటే చుట్టూ ఉన్న గట్టుని లోయ అడుగు దాకా దించాలి. ఒక్కసారి రుద్దితే గీతలు మాయం అని అమ్మే క్రీములు పైపూత మీద పడ్డ సన్నటి మరకలని తీయగలవు. సిమెంటు దిమ్మ కొరికిన గాయాన్ని ఏమీ చేయలేవు.

కాబట్టి పైన పూత ఉందా, ఉంటే ఏ పూత అన్నది ముందు తేలాలి. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది ఇనప రిమ్. దానికి పెయింటే గతి, ఈ పద్ధతి పనికిరాదు. నీలిఛాయతో అద్దంలా ఉంటే క్రోమ్ పూత అయ్యుండొచ్చు. ఆ పూతలో పైన ఉండే క్రోమియం పొర ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాని మీద ఎమరీ పెట్టారంటే రెండు రుద్దులకే కింది నికెల్ పసుపుగా బయటపడుతుంది, ఇక ఇంట్లో చేసేదేమీ ఉండదు.

మన రోడ్ల మీద తిరిగే అల్లాయ్ వీల్స్‌లో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి, మొత్తం వెండిరంగో బూడిదరంగో పెయింటు వేసి పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పూత కొట్టినవి. రెండోది డైమండ్ కట్. స్పోకుల మధ్య నల్లటి పెయింటు, ముఖం మీద మాత్రం మెరిసే లోహం. డైమండ్ కట్‌ని ఎండలో దగ్గరగా చూస్తే గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నటి వలయాలు కనిపిస్తాయి. అవి లేత్ మీద, అంటే చక్రాన్ని తిప్పుతూ కోసే యంత్రం మీద కోసిన గుర్తులు. ఆ లోహం మీద కూడా క్లియర్ కోటు ఉంటుంది. ఏ పూతా లేకుండా ఉత్త అల్యూమినియాన్ని పాలిష్ చేసి వదిలేసిన వీల్స్ తక్కువ. పాత కార్లకీ, బయట కొని వేయించుకున్న సెట్లకీ కనిపిస్తాయి.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తెల్ల గుడ్డకి కాస్త మెటల్ పాలిష్ అద్ది, స్పోకు పక్కన కనపడని చోట అర నిమిషం రుద్దండి. గుడ్డ నల్లగా అయితే మీ చెయ్యి ఉత్త అల్యూమినియం మీద ఉన్నట్టు. గుడ్డ తెల్లగానే ఉంటే పైన క్లియర్ కోటు ఉంది. వెండిరంగు అంటితే పెయింటు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి, తర్వాత వెనక్కి రాలేరు. డైమండ్ కట్ వీల్‌ని చేత్తో రుద్దితే ఆ వలయాలు పోతాయి. మెరుస్తుంది, కానీ ఆ మెరుపు వేరు. ఒక్క వీల్ చేసి ఊరుకుంటే మిగతా మూడింటి పక్కన అది వేరే కారుదిలా ఉంటుంది. పాత రూపమే కావాలంటే సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ నడిపే లేత్) ఉన్న షాపుకి ఇవ్వండి. ప్రతిసారీ కొంత లోహం కోసేస్తారు కాబట్టి ఆ పని కూడా పదేపదే చేయించేది కాదు. మావి డైమండ్ కట్టే. క్లియర్ కోటు నాలుగింటి మీదా లేచిపోతోంది కదా అని నాలుగూ పాలిష్‌కి మార్చేశాను.

పాలిష్‌కి ముందు ప్రాణం సంగతి

పగులు ఉన్న వీల్‌ని మెరిపించొద్దు. వంగిన వీల్‌ని కూడా. 80 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణుకుతున్నా, ఒకే టైరులో పదే పదే గాలి తగ్గుతున్నా ముందు ఆ సంగతి చూపించండి. వెన్నలో కత్తి దిగినట్టు సన్నగా, గీతలా కనిపించే పగుళ్ళు ఎక్కువగా రిమ్ లోపలివైపు, స్పోకు మొదట్లో ఉంటాయి.

అనుమానం ఉంటే పాత మెకానిక్కుల పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. ఆ చోటు శుభ్రంగా తుడిచి కిరసనాయిలు పూయండి. ఈ రోజుల్లో కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందంటారా, డీజిల్ అయినా సరే. పావుగంట ఆగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, మెత్తటి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులో దాక్కున్న నూనె సుద్దలోకి ఊరి సన్నటి తడి గీత తేలుతుంది. గీత తేలితే ఆ వీల్ పని అయిపోయినట్టే. తేలకపోతే అంతా బాగున్నట్టు హామీ ఏమీ కాదు, పెద్ద పగులు లేదని మాత్రమే.

నట్లు కూర్చునే గుంటలు, హబ్బుకి (చక్రం బిగించే ఇరుసు భాగానికి) ఆనుకునే వెనక ముఖం, టైరు అంచు బిగిసి కూర్చునే లోపలి గాడి, ఈ మూడు చోట్లా ఎమరీ తగలకూడదు. స్పోకు మీద లోతైన కోత పడితే దాన్ని అరగదీసి మాయం చేయాలని చూడకండి. ఈ పని అంతా రిమ్ బయటి అంచుకీ, ముఖానికీ మాత్రమే.

కావలసినవి

నీళ్ళతో వాడే ఎమరీ, మన హార్డ్‌వేర్ షాపుల్లో వాటర్ పేపర్ అంటారు. 240, 320, 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్లు. గీతలు లోతుగా ఉంటే మొదటి రెండూ వీల్‌కి మూడేసి షీట్లు, మిగతావి ఒక్కొక్కటి చాలు. 1500 పైవి చిన్న షాపుల్లో దొరక్కపోతే కార్ల పెయింటు అమ్మే చోట అడగండి. సన్నటి ఆకురాయి, సుద్దముక్క. డ్రిల్ మెషీన్, దానికి తగిలించే కాటన్ మాప్‌లు (మెత్తటి గుడ్డ చక్రాలు) రెండు, గోధుమరంగు, తెల్లరంగు పాలిష్ సబ్బు బిళ్ళలు. స్టీలు రెయిలింగులు బఫింగ్ చేసేవాళ్ళు ఎక్కడ కొంటారో అక్కడే ఇవీ దొరుకుతాయి. ట్యూబులో వచ్చే మెటల్ పాలిష్ ఏదైనా ఒకటి. పాత బనియన్లు. ఒక పాత హవాయి చెప్పు. కళ్ళకి రక్షణ అద్దాలు, మాస్కు, మందపాటి రబ్బరు గ్లవ్స్.

చెప్పు ఎందుకో తర్వాత చెప్తాను.

వీల్ విప్పి కడగడం

కారుకే ఉంచి చేయొచ్చు కానీ నడుము ఒప్పుకోదు, వెనక అంచు అందదు, పాలిష్ నలుపంతా బ్రేకు డిస్కు మీద పడుతుంది. విప్పేయండి. చదునైన నేల చూసుకుని, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఎదురుగా ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టండి. కారు నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి అప్పుడు జాకీ ఎత్తండి. విప్పిన చోట స్టెప్నీ బిగించి కారుని దించేయండి. ఈ పని అయిదారు గంటలది. అంతసేపు బండి జాకీ మీద నిలబడి ఉండటం మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో మరీనూ.

కడగడానికి కారు షాంపూ చాలు. బ్రేకు ప్యాడ్ల పొడి నల్లగా కరుచుకుపోయి ఉంటే ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది. చల్లిన వెంటనే ఊదారంగుకి తిరుగుతుంది, పొడిలో ఉన్న ఇనుముతో కలిసినప్పుడు వచ్చే రంగు అది. ఈ పొడి పూర్తిగా పోకుండా ఎమరీ మొదలెడితే ఆ ఇనప రవ్వలే కొత్త గీతలు గీస్తాయి.

బాత్రూం యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఒకసారి ఊరెళ్తూ రోడ్డు పక్కన వాటర్ వాష్‌కి ఇచ్చాను. కుర్రాడు సీసాలోంచి ఏదో పోసి బ్రష్షు కొట్టాడు, నిమిషంలో వీల్ తెల్లగా అయింది. సంబరపడ్డాను కూడా. వారానికి క్లియర్ కోటు లేచిన చోటల్లా పాలు ఒలికి ఎండినట్టు మచ్చలు తేలాయి. అల్యూమినియానికి యాసిడ్ పడదు, కాస్టిక్ సోడా లాంటి ఘాటైన క్షారం కూడా పడదు. రెండింటికీ కరుగుతుంది. డ్రెయినేజీ పైపులకి పోసే పొడి, పొయ్యిల జిడ్డు వదలగొట్టే స్ప్రేలు ఆ రెండో జాతి.

క్లియర్ కోటు తీయడం

ఉత్త అల్యూమినియం వీల్ అయితే ఇది దాటేయండి. పూత ఉంటే పెయింట్ రిమూవర్ కావాలి. జెల్‌లా ఉండేది తీసుకోండి, జారిపోకుండా నిలబడుతుంది.

టైరుకి అది తగలకూడదు. రిమ్ అంచుకీ టైరుకీ మధ్య దూర్చడానికి పాత పెళ్ళి కార్డులని మించినవి లేవు. దళసరిగా, నున్నగా ఉంటాయి, ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. టైరులో గాలి కాస్త తగ్గించి, కార్డుని రెండంగుళాల వెడల్పు ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కేలా చుట్టూ దూర్చుకుంటూ రండి. 15 అంగుళాల వీల్‌కి మూడు నాలుగు కార్డులు పడతాయి. వాటి మీదుగా టైరంతా ప్లాస్టిక్ కవరు కప్పి టేపు వేయండి. స్పోకుల మధ్య ఉన్న నల్ల పెయింటు ఉంచుకోవాలంటే దానికీ టేపు వేయాలి.

ఆరుబయట, గ్లవ్స్ వేసుకుని, జెల్‌ని మందంగా పూసి పావుగంట వదలండి. పాల మీద మీగడ ముడత పడ్డట్టు పూత లేస్తుంది. ప్లాస్టిక్ పట్టీతో గీకండి, ఇనప చాకు వాడకండి. ఫ్యాక్టరీ పూత మొండిది, రెండోసారి పూయాల్సి రావచ్చు. చాలా రిమూవర్లలో డైక్లోరోమీథేన్ అనే ద్రావకం ఉంటుంది, ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, చర్మం మీద పడితే మంట. పల్చటి సర్జరీ గ్లవ్స్‌ని అది నిమిషాల్లో దాటిపోతుంది. సెల్లార్‌లో ఈ పని వద్దే వద్దు. తర్వాత సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగేయండి.

అంచు గాయాలు

దిమ్మకి రాసుకున్న అంచుని వేలితో తడిమితే ముళ్ళు గుచ్చుకుంటాయి. లోహం లోపలికి పోవడంతోపాటు కొంత పైకి కూడా లేస్తుంది. ముందు ఆ ముళ్ళని ఆకురాయితో దించాలి. అల్యూమినియం మెత్తన, ఆకురాయి పళ్ళలో ఇరుక్కుని గడ్డకట్టి తిరిగి వీల్‌నే గీరుతుంది. ఆకురాయికి సుద్దముక్క బాగా రుద్దితే ఆ ఇబ్బంది ఉండదు, రజను దులిపితే రాలిపోతుంది. అంచు వంపుని అనుసరిస్తూ ఒకేవైపు తోయండి, ముందుకీ వెనక్కీ రంపంలా లాగకండి.

ముళ్ళు పోయాక మిగిలేది గుంట. అర మిల్లీమీటరు లోతు గుంట పోవాలంటే ఆ ఒక్కచోటే రుద్దితే పల్లం పడుతుంది, వీల్ తిరుగుతుంటే కన్నుకి దొరికిపోతుంది. అటూ ఇటూ జానెడు దాకా పల్చగా కలుపుకుంటూ పోవాలి. ఇక్కడ 240 వాడండి. ఒక మిల్లీమీటరు కన్నా లోతున్నవాటిని పూర్తిగా తీయాలని పంతం పట్టకండి. అంచులు నున్నగా చేసి వదిలేస్తే మెరుపులో కలిసిపోతుంది. మా ముందు ఎడమ వీల్ మీద అలాంటిది ఒకటుంది, ఎక్కడుందో నేను చూపిస్తే తప్ప కనపడదు.

ఎమరీ: అసలు పని

నంబరు వెనక ఏముందో ఒకసారి తెలుసుకుంటే ఓపిక దానంతటదే వస్తుంది. పీ అక్షరంతో మొదలయ్యే నంబర్లలో 240 పేపరు మీద గింజ సుమారు 58 మైక్రాన్లు, 400 మీద 35, 800 మీద 22, 1500 మీద 13 దాకా, 2000 మీద 10. మన తల వెంట్రుక సుమారు 70. ప్రతి పేపరూ ముందున్న పేపరు గీసిన గీతలని చెరిపి తన గీతలు గీస్తుంది. అంటే మనం గీతలని తీసేయడం లేదు, పెద్దవాటిని చిన్నవాటితో మారుస్తున్నాం. చివరికి అవి కంటికి ఆనకపోతే దాన్నే మెరుపు అంటున్నాం.

ఒక నంబరు ఎగ్గొడితే ఏమవుతుందో నా మొదటి వీల్ చెప్పింది. 320 అయ్యాక చేతులు లాగుతున్నాయని నేరుగా 1000కి దూకాను. తడిగా ఉన్నంతసేపూ అద్భుతంగా కనిపించింది. నీళ్ళు గీతల్ని నింపి దాచేస్తాయి, ఆ ముక్క అప్పుడు తట్టలేదు. 1500, 2000, బఫింగ్, పాలిష్ అన్నీ చేశాను. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద పెడితే మెరుపు లోపల, అడుగున ఎవరో దువ్వెనతో గీసినట్టు బారులు బారులుగా 320 గీతలు. ఎంత పాలిష్ చేస్తే అంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. మళ్ళీ 400 నుంచి మొదలు. నా మీద నాకే కోపం, పైగా ఇంట్లోవాళ్ళు "బానే ఉంది కదా" అంటుంటే ఇంకా టెన్షన్.

పద్ధతి ఇది. బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. పేపరుని పది నిమిషాలు నానబెట్టండి, మెత్తబడి వంపులకి ఒదుగుతుంది. వేళ్ళతో నేరుగా నొక్కితే వేళ్ళ కింద లోతుగానూ మధ్యలో తక్కువగానూ అరుగుతుంది. దీనికే హవాయి చెప్పు. అడుగు భాగాన్ని అగ్గిపెట్టెలో సగం సైజు ముక్కలుగా కోసి దానికి పేపరు చుట్టండి. చదునైన చోట చదునుగా ఉంటుంది, అంచు దగ్గర కాస్త వంగుతుంది. షాపులో అమ్మే రబ్బరు దిమ్మల కన్నా నాకు ఇదే నచ్చింది.

240 తో వీల్ అంచు వెంబడి రుద్దారనుకోండి, 320 తో దానికి అడ్డంగా రుద్దాలి. 400 తో మళ్ళీ వెంబడి. ఇలా దిశ మారుస్తూ పోతే పాత గీత మిగిలిందో లేదో ఇట్టే తెలుస్తుంది, అడ్డంగా ఉన్నది ఒక్కటి కనిపించినా పని కాలేదన్నమాట. అంచు ఇరుకుగా ఉండి పూర్తి అడ్డంగా కుదరకపోతే ఏటవాలుగా అయినా మార్చండి. నాకు బాగా పనికొచ్చిన ఇంకో ఉపాయం మార్కర్ పెన్ను. కొత్త పేపరు మొదలుపెట్టే ముందు ఆ భాగమంతా నల్ల మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీసేయండి. గీతల అడుగున దిగిన సిరా పోయేదాకా రుద్దితే ఆ చోటు నిజంగా అయినట్టు. సిరా మచ్చ ఒక్కటి మిగిలినా అక్కడ లోయ మిగిలి ఉంది.

పేపరు మార్చిన ప్రతిసారీ వీల్, చేతులు, చెప్పు ముక్క కడిగి, బకెట్‌లో నీళ్ళు పారబోసి కొత్తవి పోయండి. 240 గింజ ఒక్కటి 1500 పేపరు కింద చేరితే చాలు. ఆ తర్వాత పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, ఫోను టార్చిని పక్కనుంచి, నేలకి వాలిన కోణంలో వేసి చూడండి. పైనుంచి వేస్తే అన్నీ బాగున్నట్టే ఉంటుంది.

టైము సగం పైగా 240, 320 లకే పోతుంది. 600 దాటాక ఒక్కో నంబరుకీ పావుగంట, ఇరవై నిమిషాలు. లోతైన దెబ్బల్లేకుండా పైపై గీతలే అయితే 400 తోనో 600 తోనో మొదలుపెట్టుకోండి, అనవసరంగా లోహం అరగదీయడం దేనికి.

800 దగ్గర సూదిమొనంత చుక్కలు కొన్ని బయటపడొచ్చు. పోత పోసిన అల్యూమినియంలో చిక్కుకున్న వాయువు బుడగలు అవి. వాటిని తీయబోతే కింద ఇంకొన్ని ఉంటాయి. వదిలేయండి.

గ్రైండరుకి ఫ్లాప్ డిస్కు (ఎమరీ రేకులు అతికించిన చక్రం) తగిలించి ఒక్క గంటలో ముగించేవాళ్ళున్నారు. నేను వద్దంటాను. అల్యూమినియం పొడి గాల్లో లేస్తే పీల్చడానికి చెడ్డది, నిప్పురవ్వ తగిలితే అంటుకునేది కూడా. ఇనుము కోసిన డిస్కునే దీనికి వాడితే అందులోని ఇనప రవ్వలు వీల్‌లో దిగబడి తర్వాత తుప్పు చుక్కలు తేలతాయి. తడి ఎమరీతో ఈ గొడవలేవీ లేవు. బకెట్ అడుగున చేరిన బూడిదరంగు బురదని మాత్రం మూత బిగించిన డబ్బాలో దాచకండి, తడిలో మెల్లగా హైడ్రోజన్ వదులుతుంది.

బఫింగ్

2000 అయ్యాక వీల్ మసక అద్దంలా ఉంటుంది, మీ మొహం ఆకారం తెలుస్తుంది కానీ కళ్ళూ ముక్కూ తెలియవు. ఇప్పుడు మాప్ పని. డ్రిల్‌ని నిమిషానికి 1500 నుంచి 2500 చుట్ల మధ్య ఉంచి, తిరుగుతున్న మాప్‌కి గోధుమరంగు సబ్బుని రెండు సెకన్లు ఆనించండి. ఎక్కువ పూస్తే వీల్ మీద నల్లటి మైనంలా పేరుకుంటుంది. అరచేతి వెడల్పు భాగం తీసుకుని, మెల్లగా, బరువు వేయకుండా కదపండి. ఒకేచోట నిలపకండి, లోహం చెయ్యి పెట్టలేనంత వేడెక్కకూడదు.

మాప్ ఎప్పుడూ అంచు దాటి బయటికి తిరుగుతూ పోవాలి. అంచుకి ఎదురుగా తిరిగిందా, పట్టుకుని డ్రిల్‌నే చేతిలోంచి లాగేస్తుంది. మెడలో తువ్వాలు, వదులు చేతులు, జారే గాజులు, వేలాడే జడ ఏదీ వద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి.

గోధుమరంగు అయ్యాక గుడ్డతో తుడిచేసి, రెండో మాప్ మీద తెల్ల సబ్బుతో అదే పని. ఒక మాప్‌కి ఒకే సబ్బు. కలిపారంటే తెల్లదాని సన్నదనం పోతుంది.

డ్రిల్ దూరని స్పోకు మూలలకి పాత బనియన్‌ని పొడుగు పట్టీగా చించి, పాలిష్ పూసి, స్పోకు చుట్టూ తిప్పి రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు లాగండి. అయిదు నిమిషాలు చిలికితే చాలు.

చేతి పాలిష్, ఆపైన మైదా

నీడలో చేయండి. ఎండలో పేస్టు ఎండిపోయి పట్టుకుంటుంది. చిటికెడు మెటల్ పాలిష్‌ని గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి, గుడ్డ నల్లబడుతుంటే పని జరుగుతున్నట్టు. నలుపు పల్చబడి ఆరబోతుండగా శుభ్రమైన గుడ్డతో తుడవండి. రెండు విడతలు.

ఎంత తుడిచినా ఒక నల్లటి జిడ్డు పొర మిగిలిపోయి మెరుపుని మసకబారుస్తుంది. దానికి లారీలని మెరిపించేవాళ్ళ చిట్కా, పిండి. గుప్పెడు మైదా చల్లి పొడి బనియన్‌తో రుద్దండి, జిడ్డంతా పిండికి పట్టి బూడిదరంగు ఉండలుగా రాలుతుంది. మా ఆవిడ ముందు డబ్బా దాచేసింది కానీ, ఫలితం చూశాక పురుగు పట్టిన పిండి పక్కన పెట్టి ఇచ్చింది. నట్ల గుంటల్లో పిండి మిగలకుండా దులపండి.

మెరుపు నిలబెట్టడం

అద్దంలా పాలిష్ చేసిన లోహం మీద స్ప్రే డబ్బాతో క్లియర్ కొట్టాలనిపిస్తుంది. నా సలహా, వద్దు. పూత పట్టుకోవడానికి గరుకు కావాలి, మనం అయిదు గంటలు కష్టపడి ఆ గరుకునే తీసేశాం. కొన్ని నెలలకి ఎక్కడో చిన్న రాయి తగిలి పూత పగిలితే అక్కడినుంచి తేమ దూరి, పూత కింద తెల్లటి పురుగు పాకినట్టు తుప్పు దారులు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది ఇంకా తొందరగా వస్తుంది. హార్డెనరు కలిపి కొట్టే రెండు భాగాల క్లియర్ గట్టిదే, కానీ అందులో పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు చేసే ఐసోసయనేట్ ఉంటుంది. మామూలు మాస్కు దాన్ని ఆపలేదు. అది పెయింట్ బూత్ ఉన్నవాళ్ళ పని.

నేను వీల్ సీలెంట్ (తేమ, దుమ్ము అంటకుండా పైన పూసే పల్చటి ద్రవం) పూసి వదిలేస్తాను. కారు వ్యాక్స్ అయినా సరే. ఒట్టి అల్యూమినియం గాలి తగిలిన వెంటనే పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, వానా దుమ్మూ తగిలేకొద్దీ మెల్లగా మసకబారుతుంది. కాబట్టి మామూలు రోజుల్లో నెలకోసారి, వానాకాలంలో రెండు వారాలకోసారి షాంపూతో కడిగి, తుడిచి, మళ్ళీ సీలెంట్. ఆరు నెలలకోసారి చేతి పాలిష్. ఎమరీతో ఇక పని ఉండదు. ఈ చాకిరీ మీ వల్ల కాదనుకుంటే పాలిష్‌కి పోకుండా వీల్స్‌ని పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు చల్లి వేడితో కరిగించి పట్టించే పూతకి) ఇచ్చేయడమే మేలు, అందులో చిన్నతనమేమీ లేదు.

మామూలు పెయింటు వీల్ అయితే

దానికి మెరుపు కాకుండా అతుకు కావాలి. దెబ్బ తగిలిన చోట ముళ్ళు దించి, 320 తో చుట్టూ పల్చన చేసి, లోతు గుంటల్లో రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ నింపి, ఆరాక 400, 600 తో సమం చేయండి. అల్యూమినియానికి పట్టే ప్రైమర్, పైన వీల్ సిల్వర్ రంగు, దాని పైన క్లియర్, ఒక్కోటీ పల్చగా రెండు మూడు పూతలు. రంగు అచ్చుగుద్దినట్టు కలవదు, రెండడుగుల దూరంలో కలుస్తుంది. ఉత్త లోహం పాలిష్‌లో మాత్రం పుట్టీ పెట్టకండి, ఎంత రుద్దినా బూడిద మచ్చలా కనిపిస్తుంది.

తిరిగి బిగించడం

తగ్గించిన గాలి నింపండి. హబ్బుకి ఆనే ముఖం మీదా, నట్ల గుంటల్లోనూ సీలెంట్, సబ్బు, పిండి ఏదీ మిగలకుండా తుడవండి. బోల్టు మరలకి నూనె పూయొద్దు. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత పానాతో ఒకటి విడిచి ఒకటిగా, ఎదురెదురుగా బిగించాలి. వరసగా బిగిస్తే వీల్ ఒకవైపు వాలి కూర్చుంటుంది. చక్రం నేలకి దిగాక ఆఖరి బిగింపు. చిన్న కార్లలో చాలావాటికి ఇది 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) లేకపోతే టైర్ల షాపులో రెండు నిమిషాల పని. 50 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూపించండి.

లోపలివైపు అంటించిన సీసం ముక్కలు ఈ గొడవలో ఎక్కడైనా ఊడాయేమో చూడండి. ఊడితే బ్యాలెన్సింగ్ చేయించాలి, లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది.

ఇక మా సెల్లార్ దిమ్మ సంగతి. ర్యాంపు దిగే ముందు ఎడమ అద్దాన్ని వెనక చక్రం, నేల కనిపించేదాకా కిందికి వంచుతున్నాను. బటన్ నొక్కితే వంగే అద్దం, ఇన్నేళ్ళూ వాడనే లేదు. నాలుగు నెలలుగా ఆ దిమ్మ మీద మా వెండి చారలు రెండే ఉన్నాయి.